గోల కింద మాట

ఆ లిఫ్ట్ మెకానిక్ చెవుల గురించి ఆ ఐదంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్‌లో చెప్పుకునే కథల్లో సగమైనా నిజమైతే, మిగతా మనుషులకు దేవుడు చెవులిచ్చింది కళ్ళజోడు తగిలించుకోవడానికేనని అనుకోవాలి. ఐదో అంతస్తులో చీమకు కాలు బెణికితే సెల్లారులో ఉన్న అతను తల తిప్పి చూసేవాడట. నిద్రపోతున్న పిల్లి కలలో ఎలుకను తరుముతోందో, పాలగిన్నె నాకుతోందో ఊపిరి విని చెప్పేవాడట. బాగా నడుస్తున్న లిఫ్ట్‌ను ఓసారి చూసి "వచ్చే నెల పదో తారీఖున దీనికి జ్వరం వస్తుంది" అని వెళ్ళిపోతే, ఆ పదో తారీఖున అది నిజంగానే రెండుకూ మూడుకూ మధ్య మూలుగుతూ కూర్చునేదట.

అంతటి చెవులున్నవాడికి, తన కోసమే చెప్పిన నాలుగు మాటలు వినడానికి మూడేళ్ళు పట్టింది.

వాళ్ళిద్దరికీ మొదటిసారి మాట కలిసినప్పుడు మధ్యలో ఒక ఇనప తలుపు ఉంది. బయట వాన. కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, చివరికి లిఫ్ట్‌కు విసుగు పుట్టి ఆగిపోయింది. మూడో అంతస్తు ఫోన్ల షాపులో అప్పుడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి, డెమో ఫోన్ల అట్టపెట్టెతో సహా లోపల ఉండిపోయింది. మెకానిక్ వచ్చి తలుపుకు చెవి ఆనించాడు.

"లోపల ఎవరు?"

"మనిషే."

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే. పద్నాలుగు ఫోన్లున్నాయి. ఒక్కదానికీ సిగ్నల్ లేదు."

"భయపడకండి మేడమ్."

"భయమేం లేదు. కోపంగా ఉంది."

"మంచిది. ఆ కోపాన్ని ఒక్క నిమిషం ఆపుకుని మాట్లాడకుండా ఉండండి. నేను వినాలి."

"నేను మాట్లాడకపోతే వినడానికి ఇక్కడ ఏముంది?"

"లిఫ్ట్ ఉంది."

లోపల ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కూడా కోపం ఉందని అతనికి వినపడింది.

తలుపు తెరుచుకునేసరికి లిఫ్ట్ మోకాలెత్తు కిందికి ఆగి ఉంది. అతను వంగి చెయ్యి అందించాడు. ఆమె ఆ చేతిలో అట్టపెట్టె పెట్టింది.

"ముందు ఇవి పట్టుకోండి. నేను పడితే నాకు నొప్పి. ఇవి పడితే మా ఓనరుకి నొప్పి."

తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనే పైకెక్కి, దుమ్ము దులుపుకుని, అతని చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న ఫోన్‌ను గమనించింది. మూల విరిగింది. అద్దం నిండా సాలెగూడులాంటి పగుళ్ళు.

"ఇదేమిటండీ, తవ్వకాల్లో దొరికిందా?"

"పని చేస్తుందండీ."

"పని చేసేవన్నీ జేబులో పెట్టుకుంటామా? రేపొచ్చి మా షాపులో కొత్త మోడల్ చూడండి, లిఫ్ట్ గారూ."

ఆ పేరు అతనికి అలా ఉండిపోయింది. మర్నాడు అతను షాపుకు వెళ్ళాడు. ఫోన్ చూడ్డానికే వెళ్ళానని తనకు తానే చెప్పుకున్నాడు.

అతని పని పద్ధతి ఒకటుంది. ప్రతి నెలా మొదటి సోమవారం, లిఫ్ట్ గోడకు ఫోన్ ఆనించి, కింది నుంచి ఐదో అంతస్తు దాకా ఒక నిమిషం పాటు ఆ చప్పుడు రికార్డు చేస్తాడు. అదే నిమిషంలో, డాక్టర్ల గొట్టంలాంటిదాన్ని, చివర ఇనప చువ్వ ఉన్నదాన్ని, చెవులకు తగిలించుకుని, చువ్వను గోడకు ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ఇంటికెళ్ళి పోయిన నెల చప్పుడునూ ఈ నెల చప్పుడునూ పక్కపక్కన పెట్టి పదేసిసార్లు వింటాడు. ఎక్కడ తేడా ఉంటే అక్కడ రోగం. ఈ విద్య నేర్పింది అతని బాబాయి. నలభై ఏళ్ళు లిఫ్టుల మధ్య బతికిన ఆయన చెప్పింది ఒకటే మాట: "ఒరేయ్, మనుషుల మాటలు పట్టించుకోకు. మనుషులు అబద్ధమాడతారు. బేరింగ్ ఆడదు."

అందుకని మనుషుల మాటలు అతని చెవికి గోడ మీది దుమ్ములాంటివి. అవి ఉంటాయి. ఎవరూ చూడరు.

షాపులో ఆమె కొత్త మోడల్ తీసి చేతిలో పెట్టింది. "మీ లిఫ్ట్ పాటే రికార్డు చేసి చూడండి."

ఇద్దరూ లిఫ్ట్ ఎక్కి దిగారు. రికార్డు పెట్టారు. అందులో లిఫ్ట్ లేదు. ఆమె "మూడు నొక్కండి" అన్న మాట ఒక్కటి మాత్రం అద్దంలా వినిపించింది.

"నా లిఫ్ట్ ఏదండీ?" అన్నాడతను, పెళ్ళిలో చెప్పులు పోగొట్టుకున్నవాడిలా.

"అదేనండీ దీని గొప్ప! చుట్టూ ఉన్న గోలంతా తీసేస్తుంది. పాత రికార్డులు ఎక్కించినా సరే, బాగుచేసి ఇస్తుంది. గోల పోయి మాట మిగులుతుంది."

"నాకు మాట పోయి గోల మిగలాలండీ. నా అన్నం ఆ గోలలోనే ఉంది."

"ఆ బటన్ ఆపేస్తే మామూలుగానే రికార్డవుతుంది లెండి."

"ఆలోచించుకుంటాను."

ఆమె నవ్వింది. కౌంటర్ మీద తల పెట్టి మరీ నవ్వింది. ఆ నవ్వులో రెండుసార్లు శ్రుతి మారిందని అతని చెవి పట్టేసింది. ఆ తర్వాత ఏడాది పాటు అతను 'ఆలోచించుకుంటూ' ఉండిపోవడానికి ఆ రెండో శ్రుతే కారణం.

ప్రతి మొదటి సోమవారమూ అదే బేరం. "మార్చమంటారా?" అని అతను. "మీ ఇష్టం, నా ఫోనా?" అని ఆమె. "కెమెరా బాగుందంటారా?" "ఎవర్ని ఫొటో తీస్తారు, మోటార్లనా?" "బ్యాటరీ?" "రెండు రోజులొస్తుంది. మీకు నిర్ణయం మాత్రం రెండేళ్ళకీ రాదు." చివర్లో అతను మెడ గోక్కుని, "పై మోడల్ వచ్చాక చూద్దాం లెండి" అనేవాడు. అలా మూడు మోడళ్ళు వచ్చాయి, పోయాయి. షాపులో ఉన్న ఫోన్లలో అతను చేతిలోకి తీసుకుని తిరిగి ఇవ్వనిది ఒక్కటీ మిగల్లేదు.

ఆమెకూ ఏదో తెలుసు. లేకపోతే ప్రతి మొదటి సోమవారం సరిగ్గా అతను రికార్డు చేసే వేళకు పై అంతస్తు గోడౌన్‌లో పని ఎందుకు పడుతుంది? లిఫ్ట్‌లో అతని పక్కన నిలబడేది. అతను గొట్టం తగిలించుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ నిమిషం మాట్లాడకూడదన్నది రూలు. ఆమె మాట్లాడేది కాదు. ఐదో అంతస్తు రాగానే "విన్నారా, ఏమంటోంది మీ ఆవిడ?" అని లిఫ్ట్ గోడ తట్టి దిగిపోయేది.

అతని మనసులో ఒక పథకం ఉంది. కొత్త ఫోన్ కొనాలి. ఆమె చేతుల మీదుగానే కొనాలి. అందులోకి నంబర్లన్నీ ఎక్కించేటప్పుడు, "మొట్టమొదట మీ నంబరు వెయ్యండి" అనాలి. ఆ తర్వాత మిగతాది అడగాలి. పథకం బంగారంలాంటిదే. కాకపోతే బంగారం కొనేవాడిలాగే అతను మంచి రోజు కోసం చూస్తూ కూర్చున్నాడు.

ఆ సోమవారం కూడా వానే. లిఫ్ట్ గజగజలాడుతూ ఎక్కుతోంది. ఇంత గోల అది ఎన్నడూ చెయ్యలేదు. అతని కళ్ళు మూసుకునే ఉన్నాయి, గొట్టం చెవుల్లో ఉంది, ముఖంలో వేటగాడి ఆనందం. ఆ నిమిషంలో పక్కనున్న ఆమె పెదవులు కదిలాయని అతను చూడలేదు. ఐదో అంతస్తు వచ్చింది. ఆమె ఆ రోజు గోడ తట్టలేదు. ముఖం ఎర్రగా ఉంది. గబగబా దిగిపోయింది.

ఆ సాయంత్రం అతను రికార్డును పదిహేనుసార్లు విన్నాడు. పదిహేనోసారికి దొంగ దొరికాడు: లిఫ్ట్ పెట్టె ఊగకుండా పట్టాల వెంట నడిపించే చిన్న రబ్బరు చక్రం అరిగిపోయింది. గైడ్ రోలర్. ఆ గోల కింద ఎక్కడో ఎవరో గుసగుసలాడుతున్నట్టు ఉంది. ఎవరో ప్యాసింజర్లు అనుకున్నాడు. దుమ్ము.

మర్నాడు చక్రం మార్చి, నూనె చేతులు తుడుచుకుంటూ, మూడో అంతస్తుకు నెగ్గినవాడిలా వెళ్ళాడు.

ఆమె కౌంటర్ వెనక నిలబడే ఉంది. పొద్దున్నుంచీ అలాగే ఉందేమో కూడా.

"విన్నారా?" అంది.

"పదిసార్లు కాదు, పదిహేనుసార్లు విన్నానండీ!"

"అయితే?"

"అయితే ఏముంది, రోలర్ అరిగింది. మార్చేశాను. ఇప్పుడెక్కి చూడండి, వెన్నలా పోతుంది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఇంకేమీ వినపడలేదా?"

"ఉంటే నాకు వినపడదా? నా చెవిని దాటిపోయేదేదీ లేదండీ."

ఆమె సొరుగు తెరిచి, ఒక ఫోన్ కవర్ తీసి అతని ముందు పెట్టింది. నీలం రంగు. "మీ ఫోన్‌కి సరిపోయేది. ఈ మోడల్ కవర్లు ఇక రావు. ఇదే చివరిది."

అతనికి తీసుకోవాలనిపించింది. చెయ్యి సగం దాకా వెళ్ళింది కూడా. కానీ బుర్రలో బంగారం పథకం మెరిసింది. కొత్త ఫోన్ కొంటున్నానని చెబితే ఈ అమ్మాయి ఎంత సంతోషిస్తుందో!

"ఈ పాతదానికి ఇప్పుడు కవరెందుకండీ?" అన్నాడు దర్జాగా. "వచ్చే నెల కొత్తది వస్తోందిగా. అది వచ్చాక చూద్దాం."

"సరే," అంది ఆమె. "మంచిది."

కవర్ తీసి సొరుగులో పడేసి మూసింది. ఆ సొరుగు కీచుమన్న చప్పుడు మాత్రం అతను బాగానే విన్నాడు. పట్టాలకు నూనె లేదనుకున్నాడు.

మరుసటి నెల మొదటి సోమవారం కొత్త మోడల్ వచ్చింది. అతను తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. కౌంటర్ వెనక ఒక కొత్తతను నిలబడి ఉన్నాడు.

"ఆవిడ లేరా?"

"వేరే ఊళ్ళో కొత్త బ్రాంచి పెట్టారు కదండీ. ఇన్‌చార్జ్‌గా వెళ్ళిపోయారు. ఏం చూపించమంటారు?"

"ఏమీ వద్దు," అన్నాడతను. మెట్ల మీదుగా దిగాడు. లిఫ్ట్ ఎక్కబుద్ధి కాలేదు. 'నాకు ఒక్క మాటైనా చెప్పలేదు' అని మూడేళ్ళు ఆమె మీద కోపం పెట్టుకున్నాడు. ఫోన్ మార్చే ఊసే ఎత్తలేదు. పగుళ్ళ మీద పగుళ్ళు వచ్చాయి. అతను అదే వాడాడు.

మూడేళ్ళయ్యాక ఆ ఫోనే చేతులెత్తేసింది. పొద్దున ఛార్జింగ్ పెడితే టీ తాగేలోపు దిగిపోయేది. కంపెనీ వాళ్ళ కొత్త యాప్ దాన్లోకి ఎక్కనంది. పిన్ని రోజూ పోరు. "ఒరేయ్ నాయనా, నీకు ఫోన్ చేసి 'అన్నం తిన్నావా' అని అడుగుదామంటే, 'అన్నం' దగ్గర చచ్చిపోతోంది. తిన్నావో లేదో నాకెలా తెలిసేది?"

అలా ఒక మధ్యాహ్నం మళ్ళీ మూడో అంతస్తుకు వెళ్ళాడు. అప్పటి కొత్తతను ఇప్పుడు పాతతను అయిపోయాడు. డెమో ఫోన్ తీశాడు.

"మీ పాత రికార్డు ఏదైనా ఇవ్వండి సార్, మ్యాజిక్ చూపిస్తాను. ఎంత గోల ఉంటే అంత మంచిది."

గోల అంటే అతనికి ఒక్కటే గుర్తొచ్చింది: రోలర్ అరిగిన రోజుది. అతను పట్టిన దొంగల్లోకెల్లా పెద్ద దొంగ. దాన్ని గర్వంగా పంపించాడు. అవతలతను బటన్ నొక్కాడు.

మోటారు పోయింది. చక్రం పోయింది. వాన కూడా పోయింది. వాటి కింద మూడేళ్ళుగా పడి ఉన్న గొంతు ఒకటి, పక్కనే నిలబడి మాట్లాడినంత స్పష్టంగా లేచింది.

"...మీరెలాగూ పదిసార్లు వింటారుగా, అందుకే ఇందులో చెబుతున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేదు నాకు. నన్ను వేరే ఊరి బ్రాంచికి వెళ్ళమంటున్నారు. ఇంకా సరేననలేదు. మీరు ఉండమంటే ఉంటాను. నోటితో అనక్కర్లేదు లెండి, అది మీవల్ల కాదు. మీ ఫోన్‌కి కవర్ ఒకటి దాచిపెట్టాను. రేపు కౌంటర్ మీద పెడతాను. తీసుకుంటే ఉండమన్నట్టు. తీసుకోకపోతే... ఏం లేదు, నేనేమీ అనుకోను. అయ్యో, ఐదొచ్చేసింది."

రికార్డు ఆగింది.

"క్లారిటీ అదిరింది కదా సార్?" అన్నాడు అవతలతను, మామూలుగా అనే మాటే. అతని ముఖం చూసి మిగతాది మింగేసి, ఒక స్టూలు జరిపి, గోల తీసేసిన రికార్డును అతని ఫోన్‌కే తిరిగి పంపించాడు.

ఇంట్లో బాబాయి ఆ రికార్డు విని, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"బేరింగ్ అబద్ధం ఆడదన్నాను గానీ, మనిషి నిజం చెప్పడని అనలేదురా," అన్నాడు చివరికి.

"చెప్పేటప్పుడు అర్థమయ్యేలా చెప్పుండాల్సింది మీరు," అంది పిన్ని. "ఈయనగారి చెవులే అంతరా. 'పప్పు మాడుతోంది చూడండి' అని నేనరిస్తే, గ్యాస్ స్టౌ చప్పుడు బాగుందే అంటారు. వంశంలోనే ఉంది. కూర్చున్నావేం? వెళ్ళు! ఆ అమ్మాయి ఏమంటే అది. వెళ్ళి చెప్పు ముందు."

"మూడేళ్ళయింది పిన్నీ."

"ఇంకో పూట కూర్చుంటే మూడేళ్ళ ఒక పూట అవుతుంది."

బస్సులో అతను ఆ రికార్డును ఇంకోసారి వినలేదు. వినక్కర్లేకుండా పోయింది.

ఆ ఊళ్ళో షాపు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. ఆ బిల్డింగుకు అసలు లిఫ్టే లేదు. ఏరికోరి వెతుక్కున్నట్టుంది అనుకున్నాడు. అద్దాల వెనక ఆమె ఎవరికో బిల్లు చేస్తోంది. జుట్టు కాస్త పొట్టిగా కత్తిరించుకుంది. అతను వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే, పగుళ్ళ ఫోన్‌ను కౌంటర్ మీద పెట్టాడు.

"ఈ మోడల్‌కి కవర్ ఉందాండీ?"

ఆమె ముందు ఫోన్‌ను చూసింది. తర్వాత అతన్ని.

"లిఫ్ట్ గారూ," అంది నెమ్మదిగా. "ఆ కవర్లు రావడం మానేసి చాలా కాలమైంది."

"తెలుసండీ. నాకిప్పుడే వినపడింది."

"ఏం వినపడింది?"

అతను ఫోన్‌ను ఆమె వైపు జరిపాడు. ఆమె దానికి ఛార్జర్ తగిలించి, ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. తన మూడేళ్ళ కిందటి గొంతు తనే వింటూ, ముందు నవ్వబోయింది. సగంలో ఆగిపోయింది. 'అయ్యో, ఐదొచ్చేసింది' దగ్గర కళ్ళు దించుకుంది.

"అంటే ఆ రోజు మీరు..."

"వినలేదండీ. రోలర్ విన్నాను."

"పదిహేనుసార్లు విన్నానన్నారు!"

"పదిహేనుసార్లూ రోలరే."

"నా చెవిని దాటిపోయేదేదీ లేదన్నారు. నేనేమనుకున్నానో తెలుసా? పాపం మంచివాడు, నన్ను నొప్పించకుండా తప్పించుకుంటున్నాడు అనుకున్నాను. మీ మర్యాదకి ఏడాది పాటు తిట్టుకున్నాను."

"నేను మిమ్మల్ని మూడేళ్ళు తిట్టుకున్నాను. చెప్పకుండా వెళ్ళారని."

ఆమె నవ్వింది. మొదటి శ్రుతి వచ్చింది. రెండోది రాలేదు.

అప్పుడే కౌంటర్ మీదున్న ఆమె ఫోన్ మోగింది. "ఆ, ఇంకో గంటలో వస్తాను. పాపకి స్వెటర్ వేశారా? సరే," అని పెట్టేసి, అతని వంక చూసి అంది, "మా ఆయన. పెళ్ళయి రెండేళ్ళు కావస్తోంది."

అతను తలూపాడు. చాలాసార్లు ఊపాడు.

"మంచివారాండీ?"

"మంచివారే. చెవులు మామూలువే గానీ, చెప్పింది మొదటిసారికే వింటారు."

ఎక్కడో గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. దాని పళ్ళచక్రంలో ఒక పన్ను అరిగిందని అతనికి తెలిసింది. ఆ సంగతి చెప్పలేదు.

"ఎంత పిరికిదాన్నో చూడండి," అందామె. "మోటారు వెనక దాక్కుని చెప్పాను. ఇంకొక్కసారి అడిగుండాల్సింది, ఎదురుగా."

"మీరు చెప్పారు. అది చాలు. నాదే తప్పు." అతను గొంతు సవరించుకున్నాడు. "ఉండమని."

"ఏమిటి?"

"మీరడిగినదానికి జవాబండీ. ఇప్పుడు దాంతో ఏ పనీ లేదని తెలుసు. కానీ అడిగిన మాటకి జవాబు లేకుండా ఉండిపోకూడదు కదా. ఉండమనే."

ఆమె కాసేపు బిల్లు పుస్తకం అంచులు సర్దింది. అవి సర్దే ఉన్నాయి.

"అందింది," అంది.

వెనకాల వరసలో ఎవరో దగ్గారు. ఆమె కళ్ళు తుడుచుకుని ఇన్‌చార్జ్ అయిపోయింది. "చెప్పండి, మార్చేస్తారా చివరికి?"

"మార్చమంటారా?"

"మార్చండి. నా మాట విని ఇప్పుడైనా."

కొత్త ఫోన్ ఆమె చేతుల మీదుగానే కొన్నాడు. అనుకున్నట్టే నంబర్లన్నీ ఆమే ఎక్కించింది. అనాలనుకున్న మాట మాత్రం అతను అనలేదు. మొదటి నంబరు పిన్నిది పడింది.

"పాతది ఎక్స్ఛేంజ్‌కి ఇస్తారా? ఇస్తే లోపలున్నదంతా చెరిపేయాలి."

"ఇవ్వనండీ."

"మంచిది," అంది ఆమె. ఈసారి ఆ మాట వేరేలా వినిపించింది. అతను తలుపు దాకా వెళ్ళాక పిలిచింది. "లిఫ్ట్ గారూ! ఆ కవర్ ఆ సొరుగులోనే వదిలేసి వచ్చాను. ఉందో లేదో మరి."

ఉంది. ఆ నెల మొదటి సోమవారం మూడో అంతస్తులో ఆ సొరుగు బయటికి లాగిస్తే, అడుగున, పాత రసీదుల కింద, దుమ్ము పట్టిన నీలం కవర్ ఉంది. అతను దాన్ని తుడిచి, ఆగిపోయిన పాత ఫోన్‌కు తొడిగాడు. గోరు పట్టేంత సందు కూడా లేకుండా సరిపోయింది. సొరుగు పట్టాలకు రెండు చుక్కలు నూనె వేసి వచ్చాడు.

అప్పటి నుంచి అతని పని పద్ధతిలో ఒక చిన్న మార్పు వచ్చింది. లిఫ్ట్ గోడకు ఫోన్ ఆనిస్తాడు. గొట్టం మెళ్ళో వేసుకుంటాడు, చెవులకు మాత్రం తగిలించుకోడు. లోపలున్న వాళ్ళందరి వైపూ ఒకసారి తిరుగుతాడు.

"ఎవరైనా ఏమైనా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పేయండి. తర్వాత నాకు వినపడదు."

జనం నవ్వుతారు. ఒకావిడ సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటుంది. ఒక ముసలాయన "నాలుగు నొక్కు నాయనా" అంటాడు. అతను నాలుగు నొక్కుతాడు. అయినా వెంటనే గొట్టం పెట్టుకోడు. తలుపులు మూసుకునేదాకా, మూసుకున్నాక ఇంకొక్క క్షణం కూడా, చూస్తాడు.